శాకాహారి చేతి బోణీ

ఇప్పుడంటే 'ప్రొడక్ట్ మేనేజర్' అనగానే ఆడపెళ్ళివారు కూడా అర్థమైనట్టు తల ఊపి కాఫీ తెప్పిస్తున్నారు గానీ, నేను ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఆ మాట ఇంకా పెన్నా దాటి మా బుచ్చిరెడ్డిపాలెం వైపు రాలేదు. ధాన్యం వ్యాపారం చేసే మా నాన్నకు తెలిసిన మేనేజర్లు రెండే రకాలు: బ్యాంకులో ఉండేవాడు, రైసుమిల్లులో ఉండేవాడు. నెల్లూరులో ఉద్యోగం వచ్చిందని నేను గంతులేస్తూ చెబితే ఆయన తాపీగా అడిగాడు, "నీ కింద ఎంతమంది పని చేస్తారమ్మా?" అని. ఎవరూ చెయ్యరన్నాను. "మరి దేన్ని మేనేజ్ చేస్తావు?" ప్రొడక్టుని నాన్నా అన్నాను. "అది యాడుండాది?" ఇంకా తయారు కాలేదన్నాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "సరే, ఈ మాట బయట చెప్పబాక" అని నాకు బుద్ధి చెప్పి, మర్నాడు ఊరంతా మలైకాజాలు పంచి కూతురు మేనేజరైందని తనే చెప్పొచ్చాడు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నానని, అది గట్టెక్కకపోతే ఇంటికి పంపేస్తారని ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, తినేసిన మలైకాజాలు వెనక్కి రావు కదా.

మా కంపెనీ ఒక బట్టలకొట్టు పై అంతస్తులో ఉండేది. రేవులో పడిన చేపల్ని అక్కడ అమ్మే ఆడవాళ్ళ దగ్గర నుంచే నెల్లూరు ఇళ్ళకు చేర్చే యాప్ మాది. దాన్ని పెట్టినాయనకు నేను మనసులో పెట్టుకున్న పేరు స్ట్రాటజీ సారు. మంచినీళ్ళు తాగినా స్ట్రాటజీతోనే తాగేవాడు. ఆయన గోడమీద తెల్లబోర్డుకు నాలుగు రంగుల పెన్నులుండేవి, ఏ రంగు దేనికో ఆయనకే తెలియాలి. అన్నిటికంటే విచిత్రం, ఆయన పరమ శాకాహారి. గుడ్డు పడిందేమోనన్న అనుమానంతో పుట్టినరోజు కేకు కూడా ముట్టని మనిషి. మరి చేపల యాప్ ఏమిటి సార్ అని చేరిన కొత్తలో అమాయకంగా అడిగాను. "చేప తినక్కర్లేదమ్మా, మార్కెట్టు అర్థమైతే చాలు. ఒక్కటి గుర్తుపెట్టుకో, కస్టమరు ఏది అడిగితే అది మన ధర్మం" అన్నాడు. నేను ఆ మాటను భక్తిగా రాసుకున్నాను. (రాసుకోవడం తప్ప అప్పటికి నాకు వేరే పని కూడా లేదు.)

నాకు అప్పగించిన పని ఇదీ: శనివారం చెన్నై నుంచి పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు వస్తారు, వాళ్ళు రేవుకు వెళ్ళేసరికి అక్కడి ఆడవాళ్ళు మా యాప్‌లో చకచకా అమ్ముతూ కనిపించాలి. కనిపిస్తే నా ఉద్యోగం ఖాయం. కనిపించకపోతే, "నీ గురించి మళ్ళీ ఆలోచించుకోవాల్సొస్తుందమ్మా" అన్నాడు సారు, ఎర్ర పెన్ను మూత పెడుతూ.

ఆ రేవు ఊళ్ళో అమ్మే ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు వంజరం అక్క. వంజరం తప్ప వేరే చేప అమ్మడం ఆవిడకు నామోషీ. ఆవిడ సరేనంటే వరసంతా సరేనంటుంది. నేను రోజూ బస్సెక్కి పోయి, ఆవిడ పక్కన ఇసుకలో కూర్చుని, ఆవిడ కోడలి మీద ఫిర్యాదులన్నీ విని, చివరికి ఫోను పట్టించాను. ఆర్డరొస్తే టింగుమని మోగుతుంది, చేప తూచి పక్కన పెట్టడం, ఆటో వచ్చి తీసుకుపోవడం. అంతా నేర్చుకున్నారు. యాప్ మొదలయ్యే రోజు తెల్లవారుజామునే నేను రేవుకు వెళ్ళి, కాస్త దూరంగా నిలబడి, అంతా సరిగా నడుస్తుందో లేదో చూద్దామని నా ఫోన్లోంచి ఒక వంజరం ఆర్డరు పెట్టాను. అక్క ఫోను మోగింది. అక్క దాన్ని కళ్ళకద్దుకుంది. తూర్పు తిరిగి దణ్ణం పెట్టింది. బుట్టలోంచి మంచి చేపను ఏరి, తూచి, ఆకు కప్పి పక్కన పెట్టింది. పరీక్ష నెగ్గిందన్న ఆనందంలో నేను ఆర్డరు రద్దు చేశాను. అక్క ఫోను మళ్ళీ మోగింది. తెరమీద నేను ఎంతో ముచ్చటపడి స్వయంగా రాసిన వాక్యం వచ్చింది: "మీ ఆర్డరు రద్దయింది. మీ రోజు శుభంగా గడవాలి!"

ధాన్యం వ్యాపారి కూతుర్ని, బోణీ అంటే తెలియనిదాన్ని కాదు. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం తిరిగిపోకూడదని మా ఇంట్లో కొలతడబ్బాకు కూడా తెలుసు. కానీ ఫోన్లో నొక్కింది కూడా బోణీయే అవుతుందని నా చదువుకు తట్టలేదు. ఆ రోజు పాడుగాలి లేచింది, బేరగాళ్ళు రాలేదు, మధ్యాహ్నమైనా బుట్టలు ఖాళీ కాలేదు. గాలికి, నాకు సంబంధం లేదని నేను ఇప్పటికీ అనుకుంటాను, గట్టిగా మాత్రం అనను. సాయంత్రానికి వరసలో ఉన్న ఫోన్లన్నీ ఇసుక మీద పరిచిన గోనెపట్టాల మీద బోర్లా పడి ఉన్నాయి.

"ఏందమ్మే, బోణీ బేరం ఎవురన్నా ఎనక్కి తీసుకుంటారా?" అంది వంజరం అక్క.

"అది నిజం ఆర్డరు కాదక్కా, టెస్టు."

"పరీచ్చ పెట్టేదానికి నా బోణీయే దొరికిందా నీకు? ఎనక్కి తీసుకున్నదానివి తీసుకున్నట్టుండక, మళ్ళా రోజు శుభంగా గడవాలని ఎగతాళొకటా?"

సారు నేర్పిన విద్య ఒకటి నా దగ్గరుంది. కస్టమరు ఏదైనా వద్దంటే వరసగా అయిదుసార్లు 'ఎందుకు' అని అడగాలి, అడగ్గా అడగ్గా అసలు కారణం అడుగున దొరుకుతుందని. సరేనని మొదలుపెట్టాను. యాప్ ఎందుకు వద్దక్కా? "బోణీ చెడింది గనక." బోణీ చెడితే ఎందుకు వద్దు? "బేరం సాగదు గనక." బేరం ఎందుకు సాగదు? "బోణీ చెడింది గనకమ్మే, చెప్తా ఉండాగా!" నాలుగో 'ఎందుకు' కోసం నేను నోరు తెరిచేసరికి అక్క చేపల కత్తి కింద పెట్టి లేచింది. నేను కూడా లేచాను. అసలు కారణం అడుగునే ఉండిపోయింది.

చివరికి నా మొహం చూసి జాలిపడ్డదేమో, అక్కే దారి చూపింది. "మంచి చెయ్యి ఒకటి చూసుకోనిరా. ఆ చేత్తో బోణీ చేయిస్తే చూస్తాం. నీ చెయ్యి మాత్రం వద్దు తల్లీ." అంటే కంపెనీ పెట్టినప్పటి నుంచీ మేము తెల్లబోర్డు మీద వెతుకుతున్న స్ట్రాటజీ ఇదన్నమాట, మంచి చెయ్యి! నేను ఆఫీసుకు పరుగెత్తి, మా ప్రోగ్రాం రాసే కోడన్నను పట్టుకుని, రోజూ వచ్చే మొదటి ఆర్డరుకు రద్దుచేసే మీట కనపడకుండా చేయించాను. సారుకు కూడా వివరంగా చెప్పాను. ఆయన బోర్డు మీద బాణం గీస్తూ "బాగుంది, చేసెయ్" అన్నాడు. విన్నాడనే అనుకున్నాను.

మర్నాడు కోడన్న చేత్తో బోణీ చేయించాను. వానపడింది. "ఇంకొక్కరోజు చూస్తాం, ఆనక మమ్మల్ని అడగబాక" అంది అక్క. అది గురువారం. శుక్రవారం ఉదయానికి నాకు మిగిలిన మంచి చెయ్యి మా నాన్నదే. ఆయన చేత్తో కొలిస్తే గాదె నిండుతుందని మా ఊళ్ళో పేరు. తెల్లవారుతూనే ఫోను చేసి, నాన్నా, వంజరం బొమ్మ మీద నొక్కు అని బతిమాలుకున్నాను. "ఉండమ్మా, కళ్ళజోడు పెట్టుకోనీ... ఏదో అడగతా ఉండాది... ఓటీపీ అంటే ఏందమ్మా?" ఆయన ఓటీపీ వెతుక్కుంటుండగానే రేవులో అక్క ఫోను టింగుమంది. అక్క కళ్ళకద్దుకుంది. నాన్నా, అయిపోయిందా అన్నాను. "ఇంకా యాడమ్మా!" అన్నాడు. ఆ బోణీ చేసిన చెయ్యి స్ట్రాటజీ సారుది. రేపు పెద్దమనుషులొస్తున్నారు కదా, ఒకసారి నడిపి చూద్దామని మంచం మీద నుంచే నొక్కాడట. నొక్కి, రద్దుచేద్దామని చూస్తే మీట లేదు.

ఆ రోజు ఎండ ఎక్కేలోపే బుట్టలు ఖాళీ అయ్యాయి. వంజరాలు, చందువలు, ఆఖరికి నెత్తళ్ళతో సహా పోయాయి. "ఎవురిదమ్మే ఆ చెయ్యి? బంగారం! రోజూ ఆ సారే చెయ్యాల. ఆయన చేస్తేనే మేము ఫోను తిప్పేది" అంది అక్క. వరసంతా అవునంది.

నేను ఆఫీసుకు వచ్చేసరికి సారు బల్లకు వీలైనంత దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. బల్లమీద ఐసుపెట్టెలో ఆయన వంజరం ఉంది. విషయం చెప్పాను. "రోజూనా?" అన్నాడు. రోజూ సార్. "ఇంట్లో తెలిస్తే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు." నేను చాలా వినయంగా, కస్టమరు ఏది అడిగితే అది మన ధర్మం అని మీరే చెప్పారు సార్ అన్నాను. ఆయన తెల్లబోర్డు వైపు చూశాడు. నాలుగు పెన్నులకూ మూతలు పెట్టాడు. "చేపను నువ్వే పట్టుకుపో" అని ఫోనులో అలారం పెట్టుకున్నాడు.

శనివారం పెద్దమనుషులు రేవంతా తిరిగి, టింగుటింగుమని మోగే ఫోన్లు చూసి మురిసిపోయి, ఇంతమంది ఆడవాళ్ళను యాప్ మీద ఎలా నిలబెట్టారని అడిగారు. సారు నావైపు చూశాడు. తప్పదని నేనే, "తొలి ఆర్డరు అనుభవం మీద బాగా దృష్టి పెట్టామండీ" అన్నాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. సోమవారం నా ఉద్యోగం ఖాయమైంది.

సారు రోజూ బోణీ చేసిన ఆ చేపలన్నీ నేను, కోడన్న తినలేక, వారానికోసారి ఐసుపెట్టెలో పెట్టి బస్సులో ఇంటికి పంపేదాన్ని. మొదటి పెట్టె తెరిచిన రోజు ఫోన్లో నాన్న గొంతు వినాలి. "ఇదా అమ్మా ప్రొడక్టంటే! ముందే చెప్పుంటే నాకు అర్థమయ్యేది కదా!" అన్నాడు. కూతురు మేనేజరైన మాట ఊళ్ళో అందరూ నిజంగా నమ్మింది ఆ రోజే.

తర్వాత ఆ కంపెనీని పెద్ద కంపెనీ ఒకటి కొనేసింది, యాప్ మూతపడింది, నేను నగరానికి వచ్చేశాను. ఇప్పుడు నా కింద బోలెడంతమంది పని చేస్తారు (నాన్నకు ఈ మాట చెప్పి చాలా తృప్తిపడ్డాను). అప్పుడప్పుడు పిల్లలకు ప్రొడక్ట్ స్ట్రాటజీ మీద పాఠం చెప్పడానికి పిలుస్తారు, నేను కూడా రంగు పెన్నులు పట్టుకుని బాణాలు గీస్తాను. ఈ మధ్య సారు కనిపించాడు. జుట్టు తెల్లబడింది. మాటల మధ్యలో వంజరం అక్క ఎలా ఉందోనన్నాను. "బాగుంది. పొద్దున కూడా ఆర్డరు పెట్టాను" అన్నాడు. యాప్ లేదు కదా సార్ అన్నాను. "వాట్సాప్‌లో పెడతాను. చేప పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తాను." ఇన్నాళ్ళ తర్వాత ఎందుకు సార్, మానేయొచ్చు కదా అంటే, ఆయన నన్ను ప్రొబేషన్ పిల్లను చూసినట్టు చూసి, "బోణీ మానేస్తే ఎట్లా?" అన్నాడు.

ఎందుకు మానకూడదు సార్ అని రెండోసారి అడగబోయి ఆగిపోయాను. అయిదు 'ఎందుకు'లతో రేవుకు బయలుదేరిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కొంచెం బెంగ కూడా వేసింది. పాపం, ఇసుకలో కూర్చుని ఎంత శ్రద్ధగా అడిగిందో.