మా నాయన ఎక్స్‌రే నేను చదివిన రోజు

నా చిన్నప్పుడు నాంపల్లిలో మేం కిరాయికున్న చోట ఎవరికి ఎక్స్‌రే తీసినా, డాక్టరు కంటే ముందు వాడకట్టంతా చూసేది. ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని తలా ఒక తీర్పు చెప్పేవాళ్లు. ఈ మధ్య నా మోకాళ్ల ఎక్స్‌రే ఒళ్లో పెట్టుకుని గన్‌ఫౌండ్రీలో డాక్టరు కోసం గంటలు గంటలు కూర్చుంటే అదే గుర్తొస్తోంది. కూర్చునే ఓపికా లేదు, లేచి వెళ్లిపోయే ఓపికా లేదు.

మా నాయన సుల్తాన్ బజార్‌లో బట్టల మూటలు మోసేవాడు. నెలల తరబడి దగ్గు. ఇంటికొచ్చి దగ్గీ దగ్గీ మెట్ల మీదే కూలబడేవాడు. అమ్మ పోరు పడలేక ఒక శనివారం ఛాతీ ఎక్స్‌రే తీయించుకొచ్చాడు. డాక్టరు సోమవారం చూస్తానన్నాడట. అప్పటిదాకా ఎవరు ఆగుతారు? ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నాకొక్కదానికే. ఫిల్ము నా చేతికిచ్చారు.

దాని మీద ఒక మూల ఎల్ అని, ఇంకో మూల పీఏ అని ఉంది. నాకు అర్థం తెలియదు. ఆ మాట చెబితే సరిపోయేది. కానీ అందరూ నా మొహమే చూస్తున్నారు. గుండె ఎడమవైపు ఉంటుందని ఆ వారమే బడిలో చెప్పారు. ఫిల్ములో తెల్లటి గుండె నీడేమో నా కుడిచేతి వైపుంది.

"నాయినా, నీ గుండె కుడిదిక్కు జరిగింది. గీ అక్షరాలకు అర్థం గదే," అనేశాను.

నాయన ఫిల్ము తీసుకుని కవర్లో పెట్టేశాడు. "ఇంగ డాక్టర్ చేసేదేముంది? ఊర్ల మా అవ్వ తాన ఉంట. రేపే పోదాం, పెట్టె సదురు," అన్నాడు అమ్మతో. ఇక మూటలు మోయక్కర్లేదన్నట్టు ఆ గొంతులో కాస్త నెమ్మది కూడా ఉంది. అది విన్నాకే నాకు భయమేసింది. అయినా నోరు విప్పలేదు.

పక్కింటి అక్క ఆబిడ్స్‌లో ఒక దవాఖానలో ఎక్స్‌రేలు తీసేది. సాయంత్రం పని నుంచి వస్తూ, సర్దిన పెట్టె చూసి సంగతి అడిగింది. నన్ను తిట్టలేదు. నాయనకు ఎదురుగా నిలబెట్టి, ఆయన ఎడమచెయ్యి పట్టుకోమంది. నా కుడివైపునున్న చెయ్యి పట్టుకున్నాను.

"సూసినవా? ఫిల్ముల సుత మనిషి నీకు ఎదురుంగనే ఉంటడు. గుండె ఉండాల్సిన తాననే ఉంది. డాక్టర్ పొరపాటు పడొద్దని ఎడమ దిక్కు ఎల్ అని మేమే పెడ్తం. పీఏ అంటే వీపు దిక్కుకెళ్లి తీసినమని. రోగం సంగతి గీ అక్షరాలల్ల ఉండదు బిడ్డా," అంది.

సోమవారం నాయన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. క్షయ అని తేలింది. నెలల తరబడి మందులు మింగి బతికాడు. మందుల్లేకుండా ఊళ్లో పడుంటే దక్కేవాడు కాదు.

పెద్దయ్యాక ఒకసారి అడిగాను, వాడకట్టులో ఎవరేమన్నా కొట్టిపారేసేవాడివి, ఆ రోజు నా మాటే ఎందుకు నమ్మావని.

"నువ్వు సదువుకుంటున్నవ్ గద బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు పక్క కుర్చీలోవాళ్లు తమ ఫిల్ము చాపి ఇదేమిటని అడిగితే, ఎంత బతిమాలినా నాకు తెలియదనే చెబుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. నేను చదువుకుంటున్నానన్న ఒక్క నమ్మకంతో మా నాయన చావడానికి పెట్టె సర్దించుకున్నాడు.