రాజవ్వ బాగు చేసిన మౌసు

మెట్‌పల్లిల మా కంప్యూటర్ సెంటర్‌కు ఉన్నది ఒక్కటే మౌసు. ఇయ్యాల పొద్దటి సంది అది నా ఇజ్జత్ తీసింది. కుడికి జరిపితే తెర మీది బాణం మీదికి ఎగురుతున్నది. పెండ్లి కార్డు కోసం వచ్చిన సారు, "గీ ఎలుకకు కండ్లు కనవడ్తలేవమ్మా" అని నవ్విండు. ఆయన పక్కన కుర్చీల కూసున్నాయన, "ఆడపిల్ల చేతికి మిషన్ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గప్పుడే బట్టలు కుట్టే రాజవ్వ, తన కొత్త దుకాణానికి పాంప్లెట్ కొట్టించుకుందామని వచ్చింది. మౌసును ఎన్కకు తిప్పి చూసి, "తప్పు నీది గాదు బిడ్డా. నా కుట్టుమిషన్ల గూడ గిట్లనే దారం పీసు చిక్కుతది" అన్నది. నాతోని కింది మూత తీయించి, లోపలి రబ్బరు గుండు బయట పెట్టించింది. గుండును తిప్పే సన్న చక్రాలకు మురికి దారం లెక్క సుట్టుకొని ఉన్నది. పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి మెల్లగ గోకింది.

మళ్ల గుండు ఏసి జరిపితే, బాణం నేను చెప్పిన కాడికే సక్కగ పోయింది! ఆడపిల్ల అని ఎక్కిరించినాయనను లేపి, గా కుర్చీల రాజవ్వను కూసోవెట్టిన. ఆమె చెయ్యి మౌసు మీద పెట్టించి, నేను టైపు కొట్టిన తన దుకాణం పేరును తనే పెద్దగ చేసుకోమన్న.

"ఇంకింత పెద్దగ అయితదా?" అని అడిగింది.

కాయితం నిండేదాక చేసినం.

నన్నడిగితే మా ఊర్ల మొదటి కంప్యూటర్ ఇంజినీరు రాజవ్వనే. కాదనేటోళ్లు ఎవలన్న ఉంటే చెప్పుండ్రి.