కొంగకాలు గీసిన డాక్టరమ్మ

మా పాప పుట్టగానే చేసిన వినికిడి పరీక్షలో మిషను రెండు చెవులకూ ఎర్రలైటు చూపించింది. నెల దాటాక మళ్లీ చూద్దామంది డాక్టరమ్మ. ఒక కాగితం ముందుకు లాక్కుని, "మీ ఇంట్లో ఎవరికైనా చెవుడు ఉందామ్మా?" అని అడిగింది.

"మా బాపుకుంది. ఇద్దరు కాకలకు గూడ ఉంది" అన్నాను.

మా తాత దగ్గర నుంచి ఒక గీత కిందికి దించి, ఆయన ముగ్గురు కొడుకులకు మూడు పాయలు చేసి, వాటి చివర మూడు గళ్లను సిరాతో నల్లగా నింపింది. దాన్ని పెడిగ్రీ అంటారట. పెడిగ్రీ! కుక్కపిల్లలు అమ్మేవాళ్ల నోట తప్ప ఆ మాట నేను విన్నది లేదు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. పాత ఫ్రెంచిలో కొంగకాలు అని అర్థమట. వెనకటికి వంశాలు రాసేవాళ్లు తండ్రి నుంచి పిల్లలకు గీసే మూడు పాయల గీత అచ్చం అలాగే ఉండేదట. గోదారి ఒడ్డు బురదలో అలాంటి గుర్తులు బోలెడు చూశాను. ఈ కొంగ మాత్రం నేరుగా నా బిడ్డ ఊయల దాకా నడిచొచ్చినట్టనిపించి, కూర్చుని ఏడ్చాను.

సంగతి చెబితే అమ్మ కస్సుమంది.

"ఏందే నీ లొల్లి! మీ తాత ఎవుసం జేసినోడు. ముసలోడైనంక గూడ, మంచె మీద పండుకోని చేన్ల పంది కదిల్తె లేచెటోడు. మీ బాపుకు, కాకలకు చెవులు బొగ్గుబాయిల పోయినయి. ముగ్గురు డ్రిల్లు మిషను పట్టినోళ్లే గదనే! డాక్టరమ్మకు గా ముచ్చట జెప్పలేదా?"

చెప్పలేదు. గోదావరిఖనిలో మా వీధి మగవాళ్లంతా అరిచే మాట్లాడతారు. ఒక ఇంట్లో టీవీ పెడితే నాలుగిళ్లకు వార్తలు తెలుస్తాయి. చెవులు పోవడం మాకు తల నెరిసినంత మామూలు. దానికో కారణం చెప్పాలని నాకు తోచనే లేదు.

సగం బరువు దిగింది. కానీ ఎర్రలైటు వెలిగింది పాప చెవులకు కదా! పక్కన గిన్నె మోగించి చూద్దామంటే చెయ్యి రాలేదు. కదలకపోతే?

మర్నాడు మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగి వచ్చిన బాపు గడపలో నిలబడి, తన లెక్కన గుసగుసగానే, "పిల్ల పండుకున్నదా?" అన్నాడు.

ఊయలలో పాప ఉలిక్కిపడింది. రెండు చేతులూ పైకెత్తి గుక్కపట్టి ఏడ్చింది.

"మెల్లగ మాట్లాడరాదయ్యా, పిల్ల లేసింది!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏందీ?" అన్నాడు బాపు, ఇంకా గట్టిగా. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

నాకు కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు.

"ఇంకోపారి అను బాపూ," అన్నాను, "ఇంకోపారి!"