ఖాళీ అని రాసిన జాగా

ముందు పోయినవేమిటో లెక్క చెబుతాను. లెక్కతో మొదలుపెట్టకపోతే నాకు మాట సాగదు. అరవై నాలుగు గొర్రెలు. అవి నీళ్లు తాగే మడుగు ఒకటి. మడుగు పక్కన నీడకు రెండు తుమ్మచెట్లు. నడిచి నడిచి వాటి కాళ్లే వేసుకున్న బాట. వాటిని కాసిన కుక్క ఇంకా బతికే ఉంది గానీ దానికి కాయడానికేమీ లేదు, దాన్ని పోయినవాటిలో వేయాలో ఉన్నవాటిలో వేయాలో నాకు తెలియదు. ఏళ్లుగా ఈ లెక్క మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు నా ముఖం తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

నాది సూర్యాపేట. ఇంటర్ తప్పాను. భూములు కొలిచే ఒకాయన వెంట గొలుసు పట్టుకుని తిరుగుతూ విస్తీర్ణం కట్టడం నేర్చుకున్నాను. ఎంత వంకర నేలచెక్కనైనా త్రిభుజాలుగా విడగొట్టి ఎకరాల్లోకి, గుంటల్లోకి తెచ్చేవాణ్ని. తర్వాత ఫోనులో కొలిచే పద్ధతి వస్తే అదీ నాకు నేనే పట్టుకున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలనూ వాటి చుట్టూ ఉన్న పల్లెలనూ కలిపి ముందుముందు ఎక్కడ ఏం రావాలో ప్రణాళిక వేయాలన్నారు. దానికి ముందు ఇప్పుడు ఏ భూమిని దేనికి వాడుతున్నారో పటం గీయాలి. ఆ పనికి ఒక ప్రైవేటు సంస్థ నన్ను రోజుకూలి మీద తీసుకుంది. పైనుంచి తీసిన ఫొటో చేతికిచ్చేవారు. చోటు చూసి ఒక్కో చెక్కకు రంగు వేయాలి, అన్ని చెక్కల విస్తీర్ణాలూ షీటులో కూడితే మొత్తానికి సరిపోవాలి. వరికి ఆకుపచ్చ, ఇళ్లకు పసుపు, మిల్లులకు ఊదా, నీళ్లకు నీలం. ఏదీ కాకపోతే తెలుపు. తెలుపంటే ఖాళీ.

మాడుగులపల్లి దాటాక, మిర్యాలగూడ వైపు, కాలువ కింద సర్కారు భూమి ఒక చెక్క ఉంది, నాలుగు ఎకరాల పన్నెండు గుంటలు. వరికోతలు అప్పుడే అయిపోయాయి. నేను వెళ్లేసరికి నీళ్లెండిన మడుగు, రెండు తుమ్మచెట్లు తప్ప అక్కడ ఏమీ లేదు, ఫొటోలోనూ అంతే. తెలుపు వేస్తుంటే ఒకామె చెంబుతో మజ్జిగ తెచ్చి పక్కన నిలబడింది. గొర్రెల కాపరి సైదులు భార్య, లింగమ్మ. నాకంటే ఆరేడేళ్లు పెద్ద.

"ఏం రాస్తున్నవ్ తమ్మీ?"

"ఖాళీ జాగ అని రాస్తున్న అక్కా."

"ఖాళీనా? కోతలైనయి గద, మంద కోసిన మళ్లల్ల కొయ్యకాళ్ల మీదికి పోయింది. నాట్లు పడ్డంక వచ్చి సూడు, నీకు కాలు పెట్టే సందు ఉండదు. నువ్వు గీడికొచ్చినవ్, నీ ఇల్లు గిప్పుడు ఖాళీనే. ఎవడన్న వచ్చి తెల్లరంగు ఏసుకపోతే ఊకుంటవా?"

"ఇంట్ల నా భార్య ఉన్నదక్కా."

"ఉన్నది కాబట్టి బతికినవ్. నా గొర్లకు జాగ కాసే పెండ్లాలు లేరు. నువ్వే రాయాలె."

నవ్వాను. రాస్తనక్కా అన్నాను. ఆమె చూస్తుండగానే అంచున పెన్సిలుతో 'గొర్రెలు' అని రాశాను.

మిర్యాలగూడ బస్సులో కూర్చున్నాక చెరిపేశాను.

ఆమె చెప్పింది నిజమని నాకు ముందే తెలుసు. కాలువ కింద పల్లెల్లో అందరికీ తెలిసిందే. కోతలైతే ఎరువు కోసం రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు, మళ్లీ నాట్లు పడితే ఊరంతా వరే కాబట్టి గొర్రెలు నిలబడడానికి అలాంటి చెక్కే దిక్కు. మరి ఎందుకు చెరిపాను? మా రంగుల్లో మేతకు రంగు లేదు. ఆ మాట ఉంచాలంటే ఖాళీ లెక్కలోంచి చెక్కను విడదీసి షీటు మొత్తం మళ్లీ కట్టాలి. నా షీటు అప్పటికే గుంట తేడా లేకుండా కలిసింది. అంతవరకు నా షీటు ఒక్కటీ వెనక్కి రాలేదు. అంతే. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. అలాంటిదేదైనా ఉంటే ఒప్పుకోవడం తేలికయ్యేదేమో.

తర్వాత ముసాయిదా పటం వచ్చింది. నా తెలుపు మీద ఊదా పడింది. లారీలు నిలిపే యార్డు, గోదాములు. అభ్యంతరాలు చెప్పమని ఊళ్లో సభ పెట్టారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. లింగమ్మక్క లేచి గొర్రెల జాగా ఎట్లా తీసుకుంటారని అడిగింది. అది ఖాళీ భూమిగా నమోదైందమ్మా అన్నారు అధికారులు.

"మా తమ్ముడు రాసిండు సార్. నా కండ్ల ముంగటనే రాసిండు. నడుమ ఎవలో తుడిచిండ్రు."

ఎవరా తమ్ముడని అడిగితే చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. నీ పేరు చెబితే నీ పని పోతదని చెప్పలే తమ్మీ అని బయటికొచ్చాక నాతో మెల్లగా అంది. సభలోనే లేచి, తుడిచింది నేనే అని ఉంటే సరిపోయేది. పటం ఇంకా ముసాయిదానే, మారేది. చెరిపినందుకు కనీసం షీటు సాకు ఉంది. ఆ రోజు కూర్చునే ఉన్నందుకు నా దగ్గర ఏ సాకుంది?

కంచె పడింది. మడుగు పూడ్చారు. నాట్లు పడగానే గొర్రెలు వరిలోకి దిగాయి, రైతులతో తగాదాలయ్యాయి. కొన్ని కొన్నిగా కోదాడ వైపు బేరగాళ్లకు అమ్మేశారు. సైదులు బావ ఇప్పుడు మిర్యాలగూడలో ఒక మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. అమ్మేముందు చివరిసారి కత్తిరించిన బొచ్చుతో లింగమ్మక్క గొంగడి నేయించి నాకిచ్చింది. వానలో తిరిగే పని కదా నీది అంది. దాన్ని ఒక్కసారీ కప్పుకోలేదు. మడతలో గొర్రెల వాసన ఇంకా పోలేదు.

పోయిన నెల ఆమెకు చెబుదామనే వెళ్లాను. మజ్జిగ ఇచ్చింది. మళ్లీ ఎప్పుడు కొలుస్తరు తమ్మీ, ఈసారి గూడ నువ్వే రా అంది. చెంబు ఖాళీ చేసి వచ్చేశాను.

మీకు చెప్పాక గుండె కాస్త తేలికైంది. అది నాకే, ఆమెకు కాదు. నా షీటు ఇప్పటికీ గుంట తేడా లేకుండా కలుస్తుంది. దానిలోంచి లింగమ్మక్కకు నేను బాకీ ఉన్నది నాలుగు ఎకరాల పన్నెండు గుంటలు.