చెయ్యి మారకూడని పంట

2002. పుంగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. నేను అక్కడ బోటనీ లెక్చరర్‌ని. ఎంసెట్ ర్యాంకులు వచ్చాక ఏ కోర్సులో చేరాలి, ఏ యూనివర్సిటీకి వెళ్లాలి అని పిల్లలకు చెప్పే పని కూడా నా మీదే పడేది. స్టాఫ్‌రూమ్ బయట బెంచీ వేసుకుని కూర్చుంటే తండ్రులు వచ్చి ఒకటే అడిగేవారు. "ఇది సదివితే ఉద్యోగం వస్తాదా మేడం?" ఎవరికి ఏం చెప్పానో చాలావరకు మరిచిపోయాను. రెడ్డెమ్మను మరవలేదు.

ఆ అమ్మాయిది పుంగనూరు దగ్గరే ఒక పల్లె. తండ్రి మునెప్ప మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచేవాడు. రెడ్డెమ్మ ర్యాంకు మెడిసిన్‌కు చాలదు. కానీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్‌కు రైతు కోటా ఉంది. పల్లెలో చదివిన రైతుబిడ్డలకు కొన్ని సీట్లు విడిగా ఉంచుతారు. అందులో ఆమెకు సీటు దాదాపు ఖాయం. చదువు ముగిస్తే వ్యవసాయాధికారి కావచ్చు, బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ కావచ్చు. మునెప్పకు ఇదంతా చెప్పాను. ఆయన మనసు మాత్రం మదనపల్లెలో బీఎస్సీ సెరికల్చర్ మీద ఉంది. సెరికల్చర్ అంటే పట్టుపురుగుల పెంపకమే.

"ఇంట్లో ఉండే పనే గదమ్మా. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం ఆకు కోతకు వచ్చేస్తాది" అన్నాడు.

"పురుగుల గురించి మీ పాపకు కొత్తగా చెప్పేదేముంది మునెప్పన్నా? ఆ డిగ్రీకి ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి."

చివరికి, "సరేమ్మా, మీరు సెప్పినట్టే కానీ" అన్నాడు.

కౌన్సెలింగ్ హైదరాబాదులో. ర్యాంకు వరసలో పిలుస్తారు. ఎదురుగా నిలబడినవాళ్లకే సీటు, రానివాళ్ల వంతు తర్వాతివాళ్లకు పోతుంది. పురుగుల్ని వదిలి తాను రాలేనని మునెప్ప ముందే చెప్పాడు. నేను తీసుకెళ్తానన్నాను. బస్సు టికెట్లు కూడా తెచ్చాను. కానీ బయలుదేరే ముందురోజు వరకు రెడ్డెమ్మ సర్టిఫికెట్లు తీసుకోవడానికి కాలేజీకి రాలేదు. నేనే పల్లెకు పోయాను.

పురుగుల గది గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు కడుక్కోమన్నారు. పూల వాసన పురుగులకు పడదని జడలో మల్లెపూలు తీయించారు. లోపల పురుగులు ఆకు తినే చప్పుడు, రేకుల మీద సన్నగా వాన పడుతున్నట్టు. రెడ్డెమ్మ తట్టల మీద ఆకు పరుస్తోంది.

"నాలుగో జ్వరం లేసినాయమ్మా" అన్నాడు మునెప్ప. పురుగు తిండి మానేసి చర్మం విడవడాన్ని జ్వరం అంటారు. నాలుగోసారి విడిచాక రేయింబవళ్లు తిని గూడు కడుతుంది. "ఇప్పుడు పాప యాడికీ కదలకూడదు."

"ఆకు వేయడానికి వాళ్లమ్మ లేదా?"

అసలు సంగతి అప్పుడు తెలిసింది. గుడ్లు పగిలిన రోజు మొదటి ఆకు ఎవరు వేస్తే, గూడు కట్టేదాకా వాళ్లే వేయాలి. చెయ్యి మారకూడదు. అది ఆ ఇంటి నమ్మకం. అంతకుముందు రెండు పంటలు సున్నపు రోగం తగిలి, పురుగులు తెల్లగా గట్టిపడి, దిబ్బపాలయ్యాయి. ఆ రెండూ తల్లి చేత్తో మొదలైనవి. అందుకని ఈసారి కూతురి చేత మొదలుపెట్టించారు.

వాకిట్లో ఆకు తరుగుతున్న తల్లి అందుకుంది. "నా చెయ్యి మంచిది కాదంట మేడం. ఇన్నేండ్లుగా ఈ చేత్తో పెట్టిన సంగటి ముద్దలు మాత్రం బాగానే అరిగినాయి ఈయనకు."

"నువ్వు సుమ్మనుండు" అన్నాడు మునెప్ప.

"సీటు పోతే మళ్లీ రాదు మునెప్పన్నా" అన్నాను.

"ఇదీ పోతే నాకు తోట ఉండదమ్మా. సదువు యాడికి పోతాది? వచ్చే ఏడు ఉండదా?"

రెడ్డెమ్మను అడిగాను. ఆమె తల ఎత్తలేదు. "మీరు పోండి మేడం. నేను మీతో వచ్చేసినాక ఇవి సచ్చిపోతే నా వల్లే అంటారు. ఎవురూ అనకపోయినా నాకే అనిపిస్తాది."

అయినా మర్నాడు సాయంత్రం మదనపల్లె బస్టాండులో టికెట్లు పట్టుకుని నిలబడ్డాను. రెడ్డెమ్మ రాలేదు. హైదరాబాదు బస్సు వెళ్లిపోయింది.

పంట బాగా వచ్చింది. మునెప్ప మైసూరుపాకు పొట్లంతో కాలేజీకి వచ్చాడు. "సూడమ్మా, చెయ్యి మారలేదు. గూడు రాయి మాదిరి ఉండాది." ఆ పంట కూడా చచ్చి ఉంటే ఆ నమ్మకమూ దాంతోపాటే దిబ్బలో పడేదేమో. బాగా పండడంతో రెడ్డెమ్మ దానికి కట్టుబడిపోయింది. తర్వాతి పంటకూ ఆమె చెయ్యే, ఆ తర్వాతి దానికీ ఆమె చెయ్యే. మదనపల్లెలో సెరికల్చర్‌లో చేర్చారు గానీ, పంట వచ్చిన ప్రతిసారీ క్లాసులు మాని, అటెండెన్స్ చాలక, రెండో ఏడు చదువు ఆగిపోయింది. ఆమె పుస్తకాల్లో ఉన్న పురుగులే ఆమెను క్లాసుకు పోనివ్వలేదు.

నాకు పెళ్లయి కుప్పం వచ్చేశాను. పోయిన ఏడు ఏదో పని మీద మదనపల్లె వెళ్తే, టమాటా మార్కెట్ ముందు ఆటోలోంచి క్రేట్లు దించుతూ రెడ్డెమ్మ కనిపించింది.

"మల్బరీ పెరికేసినాం మేడం. గూటికి ధర లేదు. టమాటా పెట్టినాము."

"మరి నువ్వు?"

నవ్వింది. "టమాటాకు ఎవురి చెయ్యైనా ఒకటే. ఇప్పుడు నేను యాడికైనా పోవచ్చు." క్రేటు కింద పెట్టి నా వైపు చూసింది. "యాడికి పోవాల మేడం?"

ఇంతమందికి దారి చెప్పిన నేను, ఆటోలో మిగిలిన క్రేటుకు ఒక చివర పట్టాను.

ఇప్పుడు కుప్పంలోనూ పిల్లలు కోర్సుల గురించి అడగడానికి వస్తారు. ర్యాంకు, బ్రాంచి, ఉద్యోగం అన్నీ మాట్లాడతాను. కానీ అన్నిటికంటే ముందు అడిగేది ఒకటుంది. "నువ్వు వెళ్లిపోతే ఇంట్లో ఏ పని ఆగిపోతుంది?" పిల్లలు తడబడతారు. తల్లిదండ్రులు చూపు తిప్పుకుంటారు. అది తేలకుండా ఏ యూనివర్సిటీ పేరు చెప్పినా లాభం లేదని రెడ్డెమ్మ వల్ల తెలిసింది. తేలినా కొందరు వెళ్లలేరు. అదీ చూశాను.

నా కూతురికి నాలుగేళ్లు. అది నిద్రపోయాక ఇది రాస్తున్నాను. కిందటివారం అది కుండీలో గుచ్చిన పుదీనా కొమ్మ ఈ పొద్దున చిగురు వేసింది. మా అత్త మురిసిపోయింది. "పాప చెయ్యి మంచిదే. ఇంక మనింట్లో ఏది నాటినా దీని చేతే నాటిద్దాం."

"వద్దత్తా, నేను నాటుతాను" అన్నాను. అది అంత కటువుగా ఎందుకు అన్నానో ఆమెకు అర్థం కాలేదు.