వ్యాను ఖాళీగా తిరిగి వెళ్లిన పొద్దు

రాజంపేటలో నేను పనిచేసే ఆఫీసులో కరెంటు పోగానే బల్ల కింద యూపీఎస్ కీచుమంటుంది. ఆ చప్పుడికి పక్క సీటాయన విసుక్కుంటాడు. నాకు మాత్రం ఖైరున్నీసా టీచరు గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఓర్వకల్లు దగ్గర మా ఊరి హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. వచ్చాయన్న మాటే గానీ, హెడ్మాస్టరు గారు వాటికి దుప్పట్లు కప్పి గదికి తాళం వేశారు. ఆయుధపూజ నాడు మాత్రం తాళం తీసి బొట్లు పెట్టేవాళ్లం. ఆయననీ తప్పుపట్టలేం, బడి వేళంతా ఊళ్లో కరెంటు ఉండేది కాదు. లెక్కలు చెప్పే ఖైరున్నీసా టీచరు ఊరుకునే మనిషి కాదు. అప్పటిదాకా కర్నూలు నుంచి బస్సులో వచ్చే ఆవిడ మా ఊళ్లోనే గది అద్దెకు తీసుకుని, హెడ్మాస్టరు గారిని ఒప్పించి కంప్యూటర్ల గది తాళంచెవి తీసుకుని, ఒకరోజు మా నాన్నను ఆపారు.

"ఏమప్పా, మీ బోరు మోటారుకు కరెంటు ఎప్పుడిస్తాండారు?"

"తెల్లారేటప్పుడు టీచరమ్మా. ఊళ్లోకీ అప్పుడే."

"అయితే మోటారేసేకి పోతా పోతా పిల్లను బళ్లో దిగబెట్టు."

"పాలెవరు పిండాల?" అని అమ్మ సణిగినా, మా పొద్దుటి క్లాసు అలా మొదలైంది. చెప్పులు బయట విడిచి, ఆవలిస్తూ కూర్చునేవాళ్లం. తెలుగు టైపింగు నేర్పడానికి టీచరు మా ఇళ్లలో వాళ్ల అర్జీలనే పాఠాలు చేశారు. నాది మా అవ్వ పింఛను అర్జీ. సేవ్ చేయడాన్ని ఆవిడ దాచడం అనేవారు. "యూపీఎస్ అరిస్తే బయపడాకండి. ముందు దాచండి, తర్వాత ఆపండి" అని రోజూ అదే పాట.

ఒక మధ్యాహ్నం జిల్లా అధికారి వచ్చి, చీకటి గదిలో నల్లటి తెరలు చూసి, వాడని కంప్యూటర్లను టౌను బడికి పంపేస్తామన్నారు. పొద్దున్నే నేర్పుతున్నామంటే నమ్మలేదు. మర్నాడే వ్యాను వస్తుందనేసరికి నాకు ఏడుపొచ్చింది. టీచరు వాదన పెట్టుకోలేదు.

"సరే సార్. ఎండ శానా ఉండాది, వ్యాను తెల్లారేటప్పటికి పంపియ్యండి. మీరూ దగ్గరుండి ఎక్కిస్తే మంచిది."

ఆయన వచ్చేసరికి గదంతా వెలుగు, కీబోర్డుల చప్పుడు. వాకిట్లో మోటార్లు వేసి వచ్చిన నాన్నలు. ఆయన నా వెనక నిలబడి అవ్వ అర్జీ చదువుతుండగానే కరెంటు పోయింది. యూపీఎస్‌లన్నీ ఒక్కసారిగా అరిచాయి.

"అయ్యో, అంతా పోయిందా పాపా?"

"పోలేదు సార్, దాచినా" అంటూ తల తిప్పకుండానే ఆపేశాను. గదిలో ఒక్క పిల్లా కంగారు పడలేదు. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అధికారి వాకిట్లోకి నడిచారు. అక్కడున్న డ్రైవరుతో, "బండి తిప్పుకో. ఇవి ఈడ్నే ఉంటాయి" అన్నారు. బడి వేళకు కరెంటు కూడా ఆయనే మాట్లాడి ఇప్పించారు. ఖాళీ వ్యాను దుమ్ము రేపుకుంటూ పోతుంటే మా నాన్న తలగుడ్డ విప్పి గాల్లో ఊపాడు. టీచరు మాత్రం, "సంబరం చాలు, లెక్కల పుస్తకాలు తీయండి" అన్నారు. అవ్వకు పింఛను ఆ అర్జీతోనే వచ్చింది.

ఇప్పుడు పింఛన్ల కౌంటరులో నేనే కూర్చుంటున్నాను. నిన్న అర్జీ ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. ఎదురుగా నిలబడ్డ ముసలామె మొహం వాడిపోయింది.

"పోయిందా తల్లీ? మళ్లా రావల్లనా?"

నా చెయ్యి అప్పటికే తన పని చేసేసింది.

"పోలేదవ్వా" అన్నాను, "దాచినా."