ఇంటర్ బండి

గద్వాల గురించి మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివాను. కోట గురించి ఉంది, సంస్థానం గురించి ఉంది, చీరల అంచుల గురించి బొమ్మలతో సహా ఉంది. రైలు గురించి మాత్రం చిన్న పట్టాలు తీసి పెద్ద పట్టాలు వేశారన్న ఒక్క వాక్యం ఉంది. పొద్దున ఎక్కి హైదరాబాదుకు పోయి, పని చూసుకుని, అదే రోజు తిరిగొచ్చి మన ఇంట్లో మనం పడుకునేలా కొత్త రైళ్లు వచ్చినప్పుడు మా గల్లీలో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు. రాసేవాళ్లకు అది తెలియదు. తెలిసినవాళ్లకు రాసే అలవాటు లేదు. నేను ఏడో తరగతిలో బడి మానేసినా, లైబ్రరీ పుణ్యమా అని ఆ అలవాటు కొంత చేసుకున్నాను. అందుకే రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. నేను చీరలకు ఫాల్ కుట్టేదాన్ని, కొంగులకు కుచ్చులు వేసేదాన్ని. రాజోలిలో మగ్గం దిగిన చీరలు గద్వాల దుకాణాలకు, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చేవి. మధ్యాహ్నానికి కళ్లు లాగితే సూది పక్కన పెట్టి లైబ్రరీకి పోయేదాన్ని. ఆడవాళ్లకని వేసిన బల్ల దగ్గర చాలా రోజులు నేనొక్కదాన్నే. పేపరు ప్రకటనలతో సహా చదివేదాన్ని.

అలా ఒకనాడు ఆ వార్త కనపడింది. పట్నం నుంచి పట్నానికి పగటిపూట నడిచే రైళ్లు దేశమంతా వస్తున్నాయట. వాటి కోసం పెట్టెలే కొత్తవి చేశారట. పడుకునే బల్లలుండవు, బస్సులో లాగా వరసగా కుర్చీలుంటాయి. అందులో ఒక బండి మా దారిన పోతుంది, గద్వాలలో ఆగుతుంది. ఆ చివరి ముక్క మళ్లీ మళ్లీ చదివాను. లోపల మాట్లాడకూడదు కదా, వరండాలోకి పోయి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అంత సంతోషం మా అక్క గురించి. అక్కను కోడేరుకు ఇచ్చాం. అక్కడ ఉన్న కాస్త చెలకలో నీళ్లు పడక, బావా తానూ హైదరాబాదులో బిల్డింగు పనికి పోయారు. కాన్పుకు మా ఇంటికి రావాల్సింది. నెలలు నిండకముందే నొప్పులొచ్చి అక్కడి సర్కారు దవాఖానలోనే పాప పుట్టింది. పాపకు మెడ నిలిచింది, నవ్వడమూ వచ్చింది, కాని మా అమ్మ ఇంకా చూడలేదు. మేం అమ్మను అవ్వ అంటాం. మా ఇళ్లల్లో పుట్టిన బిడ్డకు మొదటి మొలతాడు అమ్మమ్మే కట్టాలి. కిరాణా దుకాణం ఫోనుకు అక్క చేసినప్పుడల్లా ఒకటే మాట చెప్పేది, పాప నడుము ఉత్తగనే ఉంది, అవ్వ వచ్చిందాకా ఎవరినీ కట్టనియ్యనని.

అవ్వకు పోవాలనే ఉంది. కాని మా పాత ప్యాసింజరు దారిలో ప్రతి బండికీ పక్కకు జరిగి, పొద్దుగూకినాక హైదరాబాదు చేరేది. బస్సు చార్జీ మాకు అందేది కాదు. అక్కావాళ్లది పని జరిగే చోట రేకుల గది. ఒక్క గదిలో రెండు సంసారాలు, నడుమ అడ్డంగా చీర. అవ్వ పోతే పడుకునే జాగా లేదు. పోయిన రోజే తిరిగొచ్చే బండి ఉంటే తప్ప అమ్మమ్మ చేతికి పాప అందదు. ఆ బండే వస్తోంది.

సాయంత్రం కూలి నుంచి వచ్చిన అవ్వకు వార్తంతా చెప్పాను. ఆమె కాళ్లు కూడా కడుక్కోకుండా విన్నది. మర్నాడే నల్లదారం తెమ్మన్నది. ఇద్దరం గడపలో కూర్చుని మొలతాడు పేనాం. దారం నా చేతికి అలవాటే కాని, అంత నున్నగా ఏ కుచ్చూ నేను వేయలేదు.

బండి మొదలైంది. గల్లీలో సగం మంది చూడ్డానికే స్టేషనుకు పోయి వచ్చారు. లోపల కుర్చీలు నీలంగా ఉన్నాయని ఒకరు, కొత్త రంగు వాసన ఇంకా పోలేదని ఒకరు చెప్పారు. నేను రోజు ఖాయం చేశాను, ఫోనులో అక్కకూ చెప్పేశాను. ఇక పోవడమే అనుకుంటుంటే అవ్వ కలుపు పని ఉందన్నది. కలుపు అయిపోతే మోకాళ్లన్నది. నాకు ఏమీ అర్థం కాలేదు. గట్టిగా అడిగితే ముఖం పక్కకు తిప్పుకుని అన్నది.

"అది ఇంటర్ బండంట గదా. వదినె నల్ల కాడ నీళ్లు పట్టంగ అందరి ముందల చెప్పింది. ఇంటర్ సదివినోళ్ల కోసం ఏసిండ్రంట. ఏలిముద్ర దాన్ని నన్నెక్కనిస్తరా? నువ్వు జూస్తే ఏడో తరగతి."

వదినె అంటే మా పక్కింటావిడ. ఆమెకు నాగర్‌కర్నూలు నుంచి కొత్త కోడలొచ్చింది. ఆ పిల్ల ఇంటర్ పాసైంది. మా గల్లీలో అది మొదటి ఇంటర్. ఆ రైలు పేరులో ఇంటర్ అని వినగానే, ఇక అది తన కోడలి బండే అని పక్కింటావిడ తేల్చేసింది. ఇంటర్ సిటీ అన్నది ఆమె నోట్లో ఇంటర్ సీటు అయింది. ఇంటర్ వాళ్లకే సీటు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్లు లైబ్రరీకి పోయి ఈ ఒక్క మాట విప్పలేనా అనిపించింది. మర్నాడు ఇంగ్లీషు నిఘంటువు తీశాను. లైబ్రేరియన్ సారు దాన్ని ఎవరికీ ఇంటికి ఇవ్వరు. ఎందుకో చెబితే చాలాసేపు నవ్వి, పొద్దున తెచ్చెయ్యమని ఇచ్చారు. ఇంటికి తెచ్చి అవ్వ ముందు తెరిచి, ఇంటర్ అంటే నడుమ అని, ఒక పట్నానికీ ఇంకో పట్నానికీ నడుమ తిరిగే బండి అని చెప్పాను.

"నడుమ అంటే యాడ? షాద్‌నగర్ కాడ దింపుతరా? ఆడికెంచి నడిచిపోవాల్నా?"

దింపరని చెప్పి, చదువులో ఇంటర్ కూడా అదే మాటని, బడికీ డిగ్రీకీ నడుమ ఉంటుంది కాబట్టి ఆ పేరని వివరించాను. అది నాకూ ఆ పూటే తెలిసింది, చెప్పకుండా ఉండలేకపోయాను. అవ్వ పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది.

"సూసినవా, రెండూ ఒక్కటే అని నీ పుస్తకమే చెప్పవట్టె. వదినె అన్నదాంట్ల తప్పేమున్నది?"

నిఘంటువు మూసేశాను. అవ్వ మాత్రం ఆలోచిస్తూనే ఉంది. పొయ్యి ఆరిన తర్వాత తానే లేచి పక్కింటికి పోయింది. అరుగు మీద ఏం మాట్లాడిందో నాకు సరిగా వినపడలేదు కాని, చివరకు ఒప్పందం ఏమిటంటే, కోడలు పిల్ల మాతో రావాలి. "పిల్లా, నీ సదువు మీద మేమిద్దరం ఎక్కుతం" అన్నదట. అత్త మొదట గొణిగినా, తన కోడలు లేనిదే ఆ బండి ఎక్కడం కాదని అందరికీ తెలుస్తుంది కదా అని ఒప్పుకుంది. ఆ బండి ఎవరైనా ఎక్కొచ్చని కోడలు పిల్లకు తెలుసు. అయినా అత్త మాట దిద్దలేదు. పెళ్లైనాక గల్లీ దాటడం ఆమెకు అదే మొదలు.

ఆ పొద్దున స్టేషను జాతరలా ఉంది. బండి వచ్చింది, ఆగీ ఆగనట్టు ఆగింది. పాత బండిలో మూటలు నింపాదిగా ఎక్కించే అలవాటున్న జనం ఒకర్నొకరు తోసుకున్నారు. కోడలు పిల్ల ముందు ఎక్కి అవ్వను చెయ్యి పట్టి లాగింది. కుర్చీలన్నీ ఒకే దిక్కుకు, బడిలో లాగా. కిటికీలకు ఒక్క గీత లేదు. బండి కదిలింది కూడా తెలియలేదు, స్టేషనే వెనక్కి పోతున్నట్టుంది. కృష్ణ మీద వంతెన దాటుతుంటే నాకు నిలబడి కేక వేయాలనిపించింది. అవ్వ మాత్రం తలుపు పక్కన కింద కూర్చుంది. ఎంత పిలిచినా కుర్చీలోకి రాలేదు. ముందు టీసీని అడగనీ అన్నది.

వనపర్తి రోడ్డు దాటాక టీసీ వచ్చాడు. నేను టికెట్లు తీసేలోపే అవ్వ లేచి కోడలు పిల్లను ముందుకు తోసింది.

"సారూ, ఈ పిల్ల ఇంటర్ పాసయింది. మేం ఈమె తోటి వచ్చినం. జర ఎట్లనన్న జేసి పోనియ్యి."

టీసీకి ముందు అర్థం కాలేదు. కోడలు పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఆయన టికెట్లు చూసి, గీత పెట్టి, గంభీరంగా అవ్వతో అన్నాడు.

"అట్లయితే నేను దిగాలమ్మా. నేను ఇంటర్ ఫెయిల్."

పెట్టె పెట్టెంతా నవ్వింది. అవ్వ ఒక్క క్షణం ఆయన కోటు వైపు చూసి, తర్వాత అందరికంటే పెద్దగా నవ్వింది. నవ్వుతూనే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. షాద్‌నగర్ వచ్చినప్పుడు నా మోచేతిని పొడిచి, ఎవరూ దింపలేదని చూపించింది.

కాచిగూడలో అక్క ప్లాట్‌ఫారం మీదికే వచ్చి నిలబడి ఉంది. అవ్వ పాపను అందుకుని, అక్కడే బెంచీ మీద పడుకోబెట్టి, రొంటి నుంచి మొలతాడు తీసింది. నడుము చుట్టూ తిప్పి, రెండు వేళ్లు పట్టేంత వదులు చూసి ముడి వేసింది. పాప ఆ ముడి పట్టుకుని లాగింది. అక్క ఏడుస్తుంటే అవ్వ, ఏడ్వకు, మళ్లా వస్త, బండి మనదే అన్నది. ఆ మధ్యాహ్నమంతా ఆ బెంచీ మీదే ఉన్నాం. కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు అక్కడే తిన్నాం. ఆ రాత్రి గద్వాలలో మా ఇంట్లో పడుకున్నాం.

చివర పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని పుస్తకాల్లో చూశాను. మా గల్లీలో వరసలే పేర్లు, అలాగే చెబుతాను. నిఘంటువు ఇచ్చిన లైబ్రేరియన్ సారుకు. ఇంటర్ ఫెయిలైన టీసీ సారుకు, అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. తన చదువును ఒక రోజు మాకు అరువిచ్చిన కోడలు పిల్లకు. పాప నడుమును ఖాళీగా ఉంచిన అక్కకు. ఆఖరున పక్కింటి వదినెకు. ఆ ఏడు పండగ ముందు ఆమె ఆ బండిలోనే హైదరాబాదులో బంధువుల ఇంటికి పోవాల్సి వచ్చి, కోడలు పుట్టింట్లో ఉండటంతో, పొద్దున్నే మా తలుపు తట్టింది. అవ్వను జర తోడు రమ్మన్నది. అవ్వ చీర మార్చుకుంటూ, నా మీద ఎక్కుదువు రా వదినా అని లోపలి నుంచే జవాబిచ్చింది.